గడ్డ తవ్వేది మనం, గట్టు ఎవరిది?

కార్తీక మాసం వస్తే మన హైవే పొడుగునా గెనుసుగడ్డల బండ్లు కనపడతాయి. నాయుడుపేట నుంచి దొరవారిసత్రం మీదుగా సూళ్ళూరుపేట దాకా ఎక్కడ బస్సు దిగినా కుండలో ఉడికిన గడ్డల ఆవిరి వాసన తగులుద్ది. సోమవారం ఉపవాసం ఉన్నవాళ్ళు కొంటారు, బడి వదిలిన పిల్లలు కొంటారు, లారీ డ్రైవర్లు కొంటారు. పైజిల్లాల్లో చిలగడదుంప అంటారు. తెలంగాణలో కందగడ్డ, రత్నపురి గడ్డ అంటారు. మనకి మాత్రం గెనుసుగడ్డే. పేరు ఏదైనా, దాన్ని నేలలోంచి పైకి తీసిన చెయ్యి ఎవరిదో కొనేవాళ్ళకు తెలియదు. మన మండలంలో, చుట్టుపక్కల మండలాల్లో అది చాలాచోట్ల యానాది చెయ్యి. అందులోనూ ఆడవాళ్ళ చెయ్యి.

ఈ పేజీలో భూమి గురించి, వెట్టి గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి గడ్డల గురించి మాట్లాడదాం. ఎక్కడ మొదలుపెట్టినా మళ్ళీ భూమి దగ్గరికే వచ్చి ఆగుతాం, మీరే చూడండి.

ముందు పని సంగతి. బయటోళ్ళు దీన్ని 'కూలి పని' అని ఒక్క మాటతో తేల్చేస్తారు. తీగ నాటిన మూడున్నర, నాలుగు నెలలకు గడ్డ ఊరుద్ది. ఆకు పసుపు తిరుగుద్ది. బోదె మీద మట్టి నెర్రెలిస్తది. అయినా తవ్వొచ్చా లేదా అన్నది ఒక గడ్డ కోసి చూస్తే గానీ తేలదు. కోసిన చోట కారిన పాలు రంగు మారకుండా ఆరిపోతే ముదిరినట్టు. ఆకుపచ్చగా నల్లబడితే ఇంకా లేత. వ్యవసాయ పుస్తకాల్లో రాసి ఉన్న ఈ పరీక్షని మన అవ్వలు ఏ పుస్తకమూ చదవకుండానే చేస్తారు. తర్వాత కొడవలితో తీగ కోసి, చుట్ట చుట్టి గట్టున వేస్తారు. గడ్డపారని బోదె నెత్తిన దించకూడదు, పక్కగా దించి మట్టిని లేపాలి. ఆ పైన అంతా చేతి పనే. మొదలు పట్టుకుని, వేళ్ళతో మట్టి తడుముతా, గడ్డ ఎటు పారిందో చూసుకుంటా తియ్యాలి. గాటు పడ్డ గడ్డ నాలుగు రోజుల్లో కుళ్ళుద్ది, గోతంలో పక్కవాటికి కూడా అంటిస్తది. వాన పడి నేల అంటుకుపోతే ఈ పని రెండింతలు కష్టం. గోళ్ళ సందుల్లో ఇసుక చేరి చీము పట్టిన వేళ్ళు మన పేటల్లో ఈ రోజుల్లో ఎన్నో చూడొచ్చు.

గాటు పడ్డ గడ్డలకు కూలిలో కోత పెట్టే మేస్త్రులు ఉండారు. గాటు లేకుండా తీసిన గడ్డలకు అదనంగా ఇచ్చిన మేస్త్రిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

ఈ పనితనం మనకి సాగులో రాలేదు, అడవిలో వచ్చింది. గెనుసుగడ్డ అసలు అమెరికా ఖండాల నుంచి వచ్చిన పంట. అది ఇక్కడికి రాకముందే శ్రీహరికోట దీవిలో, పులికాట్ ఒడ్డు అడవుల్లో మన పెద్దోళ్ళు దుంపలు తవ్వుకుని బతికారు. తీగ ఎండినా సరే, ఎండిన తీగ కొసని పట్టుకుని కింద దుంప ఎంత లోతులో ఉందో చెప్పేవాళ్ళు. తవ్వాక తీగ మొదల్ని మళ్ళీ అదే గుంటలో పెట్టి మట్టి కప్పేవాళ్ళు, వచ్చే ఏడాదికి మళ్ళీ ఊరాలని. దీన్ని ఇప్పుడు సెమినార్లలో 'సుస్థిర సేకరణ' అని పిలుస్తా ఉండారు. మా తాత దానికి ఏ పేరూ పెట్టలేదు.

తినే దుంపే కాదు, రంగు వేరు కూడా మనవాళ్ళే తవ్వారు. చిరివేరు అని ఒక చిన్న మొక్క, సముద్రపు ఇసుకలో పెరుగుద్ది. దాని వేరు నుంచి ఎర్ర రంగు వస్తది. కోరమాండల్ తీరం నుంచి యూరప్‌కి ఓడల్లో పోయిన అద్దకం బట్టల్లో ఆ ఎరుపు ఉండేది. కాళహస్తి కలంకారీ గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఆ ఎరుపు వెనక వేరు తవ్విన మనిషిని కూడా తలుచుకోవాలి. 1835లో శ్రీహరికోట బ్రిటిష్ ప్రభుత్వం చేతికి వచ్చింది. మద్రాసుకి వంటచెరకు కావాలి, అడవి ఉత్పత్తులు కావాలి. యానాదులు అడవిలోంచి తేనె, వేర్లు, కాయలు తెచ్చి ఇచ్చేవాళ్ళు, బదులుగా గింజలు, సరుకులు తీసుకునేవాళ్ళు. బట్ట మీద లాభం ఎవరికి పోయిందో మీకు వేరే చెప్పాలా. తర్వాత 1860ల చివర్లో జర్మనీలో రసాయనాలతో ఆ ఎరుపు తయారు చేసే పద్ధతి కనిపెట్టారు. వేరుకి గిరాకీ పడిపోయింది. ఎక్కడో లేబొరేటరీలో జరిగిన సంగతికి ఇక్కడ ఇసుకలో వేరు తవ్వే యానాది పస్తు పడుకోవాల్సి రావడం, ఇది కొత్తగా గ్లోబలైజేషన్‌తో మొదలైంది కాదు.

ఆ తర్వాత 1969లో శ్రీహరికోటని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 43 వేల ఎకరాల పైమాట. 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. ఇదే శరదృతువు. నాకు రాకెట్ల మీద కోపం లేదు. ప్రయోగం రోజు పేటలో పిల్లలతో పాటు నేనూ చెరువు కట్ట ఎక్కి చూస్తా. కానీ ఆ దీవిలో దుంపలు తవ్వుకున్న కుటుంబాలు బయటికి వచ్చి పులికాట్ చుట్టుపక్కల ఊళ్ళ అంచుల్లో, చెరువు పోరంబోకుల్లో గుడిసెలు వేసుకున్నాయి. అడవి వెనకనే ఉండిపోయింది, తవ్వే చెయ్యి మాత్రం మనతో వచ్చింది. అది ఇప్పుడు పక్కోళ్ళ బోదెల్లో కూలికి దిగింది.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తా. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తులు అంటే ఏమేంటో రాసిన చోట తేనె, మైనం, వెదురుతో పాటు 'వేర్లు, దుంపలు' అని స్పష్టంగా ఉంది. వాటిని సేకరించుకునే, అమ్ముకునే హక్కు అడవి మీద ఆధారపడ్డ గిరిజనులకు ఉంది. ఈ చట్టం వర్తించడానికి షెడ్యూల్డ్ ప్రాంతమే అయ్యుండాలని లేదు. మన దగ్గర ఉన్నది చిన్న అడవే కావచ్చు, అయినా చట్టం చిన్న అడవికీ ఒకటే. దుంప తవ్వే అవ్వని గార్డు అదిలిస్తే ఆ అవ్వ తల వంచుకుని రావాల్సిన పని లేదు. అయితే దానికి గ్రామసభలో క్లెయిమ్ పెట్టి ఉండాలి. మన పేటల్లో ఎన్ని చోట్ల సామూహిక హక్కు కోసం కాగితం పెట్టారో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా. పరిగె.

వరి కోశాక రాలిన కంకులు ఏరుకోవడం పరిగె. వేరుశనగ పీకాక మట్టిలో మిగిలిన కాయలు ఏరుకోవడం కూడా పరిగే. గెనుసుగడ్డ తవ్వాక నేలలో మిగిలిపోయిన చిన్న గడ్డలు, తోకలు, లోతుకి పారిపోయిన ఒకటీ అరా గడ్డ, ఇవీ పరిగే. ఎలుక బొరియలు తవ్వి అందులో ఎలుక దాచుకున్న వడ్లు తెచ్చుకునే మనకి పరిగె అంటే కొత్త కాదు. పాత రైతులు దీన్ని ధర్మం అనేవాళ్ళు. కోత అయిపోయిన చేలో పరిగె ఏరుకునేవాళ్ళని తరిమితే ఆ ఇంట్లో గింజ నిలవదని కూడా అనేవాళ్ళు. దాన్ని వాళ్ళ దయ అని మాత్రం నేను ఒప్పుకోను. ఎలుకని పట్టి వాళ్ళ పంటని కాపాడింది ఎవరు? పరిగె ఆ లెక్కలో మనకి రావాల్సిన బాకీ.

ఈ మధ్య ఆ ధర్మం పోతా ఉంది. చేను కౌలుకి ఇచ్చిన రైతు పట్నంలో ఉంటాడు. కౌలు తీసుకున్నవాడికి పెట్టుబడి తిరిగి వస్తుందో లేదో అన్న భయం. కోత అయిన సాయంత్రమే ట్రాక్టర్ దించి దున్నేస్తారు, లేకపోతే మేకల మందకి పుల్లరి తీసుకుని వదిలేస్తారు. పోయినేడు మా దగ్గర ఒక చేలో పరిగె తవ్వుకుంటున్న ముగ్గురు ఆడవాళ్ళని ఆపి, గోతాలు గుంజుకుని, దొంగతనం కేసు పెడతామని బెదిరించారు. ఆ ముగ్గురూ పొద్దున అదే చేలో కూలికి తవ్వినవాళ్ళే. పొద్దున వాళ్ళ చేతుల్లో ఉన్న గడ్డపార పనిముట్టు, సాయంత్రానికి అదే సాక్ష్యం అయింది. గోతాల్లో ఉన్నది బొటనవేలంత గడ్డలు. బండి మీద పెడితే ఎవరూ కొనరు.

'దొంగ' అన్న మాట మనకి ఊరికే తగిలే మాట కాదు. బ్రిటిష్ వాళ్ళు నేరస్థ తెగల చట్టం పెట్టి పుట్టుకతోనే మనుషుల్ని నేరస్థులన్నారు. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటి వాళ్ళు దాని మీద ఏళ్ళ తరబడి కొట్లాడారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కాగితం మీద రద్దయింది సరే, ఊళ్ళో మోటారు పోతే ముందు ఎవరి గుడిసె వైపు చూస్తారో మీకు తెలుసు.

పరిగె గొడవ మన ఒక్కరిదే కాదని చదువుకునేటప్పుడు తెలిసింది. ఇంగ్లాండులో 1788లో ఒక కోర్టు, కోత అయిన చేలో ఏరుకునే హక్కు పేదలకు చట్టప్రకారం లేదని తీర్పు చెప్పింది. ఏరుకున్న ఆమె పేరు మేరీ హాటన్. ఫ్రాన్సులో అందుకు తిరగబడి ఉంది. 1554లో వచ్చిన రాజశాసనం కోత తర్వాత పేదలు ఏరుకోవచ్చని ఒప్పుకుంది. ఆన్యెస్ వార్దా అనే డైరెక్టర్ 2000లో తీసిన డాక్యుమెంటరీలో యంత్రాలతో తవ్విన చేలల్లో మిగిలిన బంగాళాదుంపలు ఏరుకునేవాళ్ళు కనపడతారు. సైజు సరిపోలేదని కంపెనీ పారబోసినవి కూడా ఏరుకుంటారు. ఫ్రాన్సులో మర్యాదగా కనపడే పని మన దగ్గర దొంగతనం ఎట్లా అయింది అని ఎవరన్నా అడగాలి గదా.

మన దగ్గర పరిగెకి రాసిన చట్టం లేదు. కానీ పరిగె ఏరినందుకు అబద్ధపు కేసు పెడితే దానికి చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(పి), గిరిజనుల మీద తప్పుడు, వేధింపు కేసులు పెట్టడం నేరం అంటది. బెదిరించినవాళ్ళకి ఈ సెక్షన్ ఒకసారి చదివి వినిపించండి, గొంతు పెంచకుండా. నేను అడిగేది ఇంకా చిన్నది. ప్రతి పంచాయతీలో కోత అయిన తర్వాత మూడు రోజులు పరిగెకి వదలాలని గ్రామసభ తీర్మానం చెయ్యాలి. ట్రాక్టర్ మూడు రోజులు ఆలస్యంగా దిగితే మునిగిపోయే రైతు ఎవరూ లేరు.

యానాదులు కాని మిత్రులు కొందరు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు: 'పరిగె కోసం ఇంత గొడవ ఎందుకు, ప్రభుత్వం భూములు ఇచ్చింది గదా, మీరే పండించుకోవచ్చు గదా' అని. మంచి ప్రశ్న. అవును, ఇచ్చారు. మన పేటల్లో డి-ఫారం పట్టాలు రేకు పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. భూమి మాత్రం ఇంకొకళ్ళ చేతిలో ఉంది.

ఎట్లా పోతుందో చెప్తా. అర ఎకరమో, డెబ్భై సెంట్లో ఇసుక గరప నేల. గెనుసుగడ్డకి అంతకన్నా మంచి నేల దొరకదు. కానీ బోరు లేదు, తీగ కొనడానికి డబ్బు లేదు. ఇంట్లో జ్వరం వచ్చుద్ది. పక్క రైతు ఐదు వేలో పది వేలో ఇచ్చి 'ఈ ఏడాదికి నేను చేసుకుంటాలే అవ్వా' అంటాడు. పలకరింపు ఎంత ముద్దుగా ఉంటదో చూడండి. కాగితం ఉండదు, లెక్క ఉండదు. మూడో ఏడాదికి గట్టు చెరిగిపోద్ది. ఐదో ఏడాదికి ఆ అవ్వ తన సొంత చేలోనే కూలికి గడ్డలు తవ్వుద్ది. ఇది కథ కాదు, మీ పేటలో ఇద్దరు ముగ్గురు ఉంటారు, పోయి అడగండి.

మన మండలం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఏజెన్సీలో ఉన్న 1/70 రక్షణ మనకి లేదు. మనకి ఉన్నది 1977 నాటి 9వ చట్టం, అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం. దాని ప్రకారం భూమి లేని పేదలకు ఇచ్చిన భూమిని కొన్నా, తాకట్టు పెట్టుకున్నా, కౌలుకి తీసుకున్నా కూడా చెల్లదు. తహసీల్దార్ దాన్ని తిరిగి ఇప్పించాలి. దీనితో పాటు అత్యాచారాల చట్టం 3(1)(ఎఫ్) ఉంది, గిరిజనుల భూమిని అక్రమంగా ఆక్రమించినా, సాగు చేసినా నేరం. 2023లో సవరణ తెచ్చి 20 ఏళ్ళు దాటిన పట్టాలను అమ్ముకునే వీలు కల్పించారు. దాన్ని స్వేచ్ఛ అన్నారు. బ్యాంకులో నాలుగు రూపాయలు ఉన్నవాడికి అమ్ముకునే స్వేచ్ఛ స్వేచ్ఛే కావచ్చు. జ్వరానికి పది వేలు అప్పు ఉన్నవాడికి అది తలుపు గడియ తీసి పెట్టడం.

కౌలుకి చేసే మనవాళ్ళ సంగతి ఇంకో రకం. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో 11 నెలల ఒప్పందం రాసుకుంటే కార్డు ఇస్తారు. ఒప్పందం మీద భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టే యజమాని మీకు తెలిస్తే నాకూ చెప్పండి, పోయి దండం పెట్టి వస్తా. కార్డు లేకపోతే పంట పోయినప్పుడు నష్టపరిహారం జాబితాలో పేరు రాయించుకోవడం గగనం. మన తీరంలో పంట పోవడం అరుదైన సంగతి కూడా కాదు. మనకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే. 2015 నవంబర్ గుర్తుందా? 2021 నవంబర్? 2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ తుపాను? అన్నీ సరిగ్గా గడ్డ నేలలో ఉన్నప్పుడే. వరి నీళ్ళలో నాలుగు రోజులు నిలబడుద్దేమో గానీ గడ్డ నిలబడదు. బోదెలో ఉండగానే మెత్తబడి పులిసిన వాసన వస్తది.

అందుకే వాన కబురు వినపడగానే అందరూ ఒకేసారి తవ్వుతారు. అందరూ ఒకేసారి తవ్వితే ధర ఏమవుద్దో చెప్పక్కర్లేదు. చెన్నై కోయంబేడు మార్కెట్టు మనకి దగ్గరే, కానీ ఆ దగ్గరితనం లారీ ఉన్నవాడికి. గెనుసుగడ్డకి మద్దతు ధర లేదు. రెండు మూడు వారాలకు మించి మామూలుగా నిలవ ఉండదు, అది దళారీకి బాగా తెలుసు. దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది, ఖర్చు లేనిది. తవ్విన గడ్డల్ని కడగొద్దు. గాటు పడ్డవి తీసేసి, మిగతావి వారం పాటు గాలి ఆడే నీడలో, గోతాలు కప్పి వెచ్చగా ఉంచితే తోలు గట్టిపడుద్ది. ఆ తర్వాత పొడి ఇసుకలో పెడితే ఎక్కువ రోజులు ఆగుద్ది. బేరం దగ్గర ఆ నాలుగు రోజులే మన బలం.

ఇంకో దారి మన ఊళ్ళోనే ఉంది. అంగన్‌వాడీ, బడి. పిల్లలకు గుడ్డు పెడుతున్నారు, చిక్కీ పెడుతున్నారు, మంచిదే. నాలుగు నెలలు మన చుట్టూ పండే గడ్డని ఎందుకు పెట్టరు? తిరువనంతపురంలో 1963 నుంచి పనిచేస్తున్న కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 'భూ సోనా' అనే నారింజ రంగు రకాన్ని ఇచ్చింది. వంద గ్రాముల్లో 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటది. కళ్ళకి, ఒంటికి కావాల్సిన విటమిన్ ఎ దాని నుంచే తయారవుద్ది. మొజాంబిక్, ఉగాండా దేశాల్లో ఇలాంటి నారింజ గడ్డల్ని పల్లెపల్లెకీ చేర్చిన పనికి 2016లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు. అక్కడ ముందు తల్లుల చేతికి తీగ ఇచ్చారు, వాళ్ళ పెరట్లో నాటించారు. మన పేటలో ఎదుగుదల లేని పిల్లల పేర్లు రిజిస్టర్‌లో రాసుకునే కార్యకర్తకి, ఆ పక్కనే అర ఎకరంలో గడ్డ పండించే తల్లికి మధ్య ఉన్న దూరం నాలుగు గుడిసెలు. నెల్లూరు యానాది ఐటీడీఏ తలుచుకుంటే ఒక్క సీజన్‌లో చెయ్యగలిగిన పని ఇది. ఈ కార్తీకంలోనే అర్జీ పెడుతున్నాం, మీ పేట తరఫున కూడా ఒకటి పెట్టండి.

ఇక ఈ వారం చెయ్యాల్సిన పని. గడ్డ తవ్వేటప్పుడు కోసి గట్టున పారేసే తీగ ఉంది చూశారూ, దాన్ని మేకలకు పూర్తిగా వదలొద్దు. కూలికి పోయిన చేలో అయినా అడిగి ఒక మోపు తెచ్చుకోండి, తీగకి ఎవరూ కాదనరు. ముక్కు పురుగు తిన్న మొదళ్ళ దగ్గరవి కాకుండా కొసలు తీసుకోండి. జానెడు పైన, నాలుగు కణుపులు ఉండేట్టు ముక్కలు కోసి కొళాయి నీళ్ళు పారే చోట రెండు బారల మడిలో గుచ్చండి. వేసవి దాటించడమే కష్టం, మిగతా కాలమంతా అదే పాకుద్ది. ఆషాఢం నాటికి ఒక మడి నుంచి పది సెంట్లకి సరిపడా తీగ వస్తది, కొనాల్సిన పని ఉండదు. తీగ చేతిలో ఉంటే 'ఈ ఏడాదికి నేను చేసుకుంటాలే అవ్వా' అని వచ్చినవాడికి చెప్పడానికి ఒక జవాబు ఉంటది. మడి పెట్టినవాళ్ళు, పెట్టడానికి చోటు లేనివాళ్ళు ఇద్దరూ వచ్చే ఆదివారం మీటింగుకి రండి. పట్టా జిరాక్సు కూడా తీసుకురండి. గట్టు చెరిగిపోయినా సరే, సర్వే నంబరు ఉంటే చాలు.